తల్లి పన్నెండు లీటర్లు ఇస్తే పెయ్య కూడా ఇస్తుందా?

చిత్తూరు జిల్లాలో ఏ పశువుల సంతకు పోయినా ఇదే మాట: "తల్లి రోజుకు 12 లీటర్లన్నా, పెయ్య యాడికి పోతుంది?" ఈ ఒక్క మాట మీద వేలకు వేలు చేతులు మారుతున్నాయి. ఇది ఆగాలి.

లెక్క వేద్దాం. అదే కొట్టంలోని తోటి ఆవుల సగటు 8 లీటర్లనుకోండి. తేడా 4. పాల దిగుబడికి వారసత్వ నిష్పత్తి, అంటే ఆవుకూ ఆవుకూ ఉన్న తేడాలో జన్యువుల వాటా, సుమారు 0.25. ఆ 4 లీటర్లలో తల్లి జన్యు విలువ కింద పట్టుకోదగ్గది 1 లీటరు. అందులో పెయ్యకు దిగేది సగం, అర లీటరు! మిగతా వాటాలో ఎక్కువ భాగం పచ్చగడ్డి, దాణా, ఎన్నో ఈత, ఈని ఎన్ని నెలలైంది అన్నవాటిది.

ఆంబోతునైతే కూతుళ్లను బట్టి తూచాలి. ఇదే నిష్పత్తికి 5 కూతుళ్ల పాల లెక్కలుంటే అంచనా మీద నమ్మకం 25 శాతం, 15 మందికి 50, 45 మందికి 75. కానీ ఆ 45 కూతుళ్లూ ఒకే డెయిరీ ఫారంలో, పక్కన వేరే ఆంబోతు కూతుళ్లు లేకుండా ఉంటే ఆ నమ్మకం నీటిమూటే. వాటి పాలు తండ్రి చలవో, ఫారం మేత చలవో ఏ లెక్కల మోడలూ విడదీయలేదు. ఒక్కో ఆంబోతు వీర్యం పలు ఊళ్లకు పోవాలి, ఒక్కో ఊళ్లో పలు ఆంబోతుల కూతుళ్లుండాలి.

కొలతలోనూ చిక్కుంది. నాటావు చాలావరకు దూడ కుడిస్తేనే చేపుతుంది. దూడ తాగినది లెక్కలో రాకపోతే మంచి నాటావు కాగితం మీద గొడ్డుబోతులా కనిపిస్తుంది.

ఇప్పుడు ఆవు జన్యువులను చదివి పాలను అంచనా కట్టే జన్యు చిప్ పరీక్షల జోరు. 2001లో శాస్త్రవేత్తలు మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ చూపిన దారి గట్టిదే: జన్యుపటం పొడవునా ఉన్న వేల గుర్తుల ప్రభావాన్ని ఒకేసారి అంచనా కడతారు. అయితే విదేశీ పాల జాతి హోల్‌స్టీన్ల మీద నేర్చిన సమీకరణాన్ని పుంగనూరు పొట్టి ఆవుకు తగిలించడం అన్యాయం. గుర్తుకూ పక్కనున్న అసలు జన్యువుకూ ఉన్న జోడీ జాతి మారితే తప్పుతుంది. మన క్రాస్ ఆవుల్లో ఒకదానికి జెర్సీ రక్తం సగం, ఇంకోదానికి ముప్పావు. ఆ శాతాన్ని విడిగా మోడల్లో పెట్టకపోతే, జెర్సీ ఎంతుందన్నదాన్నే అది పాల జన్యువులుగా నేర్చుకుంటుంది. ఆ మోడల్‌ను పరీక్షించేటప్పుడు అక్కచెల్లెళ్లను నేర్పే గుంపులోకీ, పరీక్షించే గుంపులోకీ పంచితే మార్కులు దొంగవి. పాత ఆవులతో నేర్పి, తర్వాత పుట్టినవాటి మీద చూడాలి.

ఇవన్నీ జరగాలంటే ముందు తండ్రెవరో తెలియాలి. ఆవుకు కృత్రిమ గర్భధారణ సూది వేయించాక వీర్యం వచ్చిన సన్న గొట్టాన్ని (స్ట్రాను) పేడకుప్పలో పారేయకండి. సూది వేసే గోపాలమిత్రనడిగి దాని మీది ఆంబోతు నంబరు, ఆవు చెవి ట్యాగు నంబరు, తేదీ ఒక నోటుబుక్కులో ఆ పూటే రాయించుకోండి.