తొలి వీడియో గేములపై హన్మకొండ తీర్పు

తొలినాటి వీడియో గేముల్లో దేని ప్రభావం ఎక్కువో తేల్చే పని ఇన్నాళ్లూ అమెరికా వాళ్లు, జపాన్ వాళ్లు చూసుకుంటున్నారు. ఇది అన్యాయం. ఏ ఆట ముందొచ్చిందో, ఏది తర్వాతొచ్చిందో వాళ్లకు తెలుసు. అంత పక్షపాతంతో తీర్పెట్లా చెబుతారు? మనకా దోషం లేదు. తొంభైల్లో హన్మకొండ చౌరస్తాలో ఒక టీవీ గేముల క్యాసెట్ కొన్నవాడికి పదేళ్ల చరిత్రంతా ఒకే రోజు చేతికొచ్చింది. పైన 9,99,999 ఆటలని రాసుండేది. లోపల పదో పన్నెండో, మిగతావన్నీ అవే మళ్లీ మళ్లీ. ఎన్నికల మేనిఫెస్టోలు చదివిన ఊరు కాబట్టి ఎవరూ రసీదు పట్టుకుని వెనక్కి పోలేదు.

ముందు పుట్టడమే అర్హతైతే 1958లో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో హిగిన్‌బాథమ్ అనే శాస్త్రవేత్త సందర్శకుల కోసం ఆసిల్లోస్కోప్ (కరెంటు తరంగాలు చూపే చిన్న తెర) మీద ఆడించిన టెన్నిస్‌కు దండేసి ఇంటికి పోవచ్చు. పెద్దకొడుకని మర్యాదిస్తాం గానీ పొలమంతా రాసివ్వం కదా.

ఇక పాంగ్, తెర మీద రెండు గీతలతో బంతిని కొట్టుకునే ఆట. 1972లో అటారి కంపెనీ వాళ్లు దాన్ని పరీక్షకని సన్నీవేల్‌లో ఒక బార్‌లో పెట్టారు. కొన్నాళ్లకు మిషన్ ఆగిపోయింది. తయారుచేసిన అలన్ ఆల్కార్న్ వెళ్లి విప్పితే లోపల చిల్లర డబ్బా నిండిపోయి ఉంది. పాంగ్‌ను పోటీ నుంచి తప్పిస్తున్నాం. బార్‌లో డబ్బులు నిండితే ఆ ఘనత ఆటదని మన రాష్ట్రంలో ఎవరూ ఒప్పుకోరు.

1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్లు ఉరుకుతారు. గీయాల్సిన బొమ్మలు తగ్గి చిప్ మీద భారం తగ్గడమే కారణం. ఆట తయారుచేసిన నిషికాడో దాన్ని సరిచేయకుండా అలాగే వదిలేశాడు. సిబ్బంది తగ్గాక పని వేగం పెరిగిన ఆఫీసు వరంగల్‌లో ఒక్కటి చూపించండి, మార్కులు వేస్తాం.

పైనుంచి పడే ముక్కల్ని వరసగా పేర్చే టెట్రిస్‌కు మాత్రం గట్టి మద్దతుంది. పజిట్నోవ్ అనే ప్రోగ్రామర్ 1984లో సోవియట్ సర్కారు కొలువులో ఉండి చేసిన ఆట అది. ప్రపంచమంతా ఆడింది, రాయల్టీ ఆయన చేతికి 1996 దాకా రాలేదు. బిల్లులు పెండింగులో ఉన్న మాజీ సర్పంచులంతా ఏకగ్రీవంగా దీనికే ఓటేశారు.

తుపాకులతో కాల్చుకుంటూ పోయే కాంట్రా దగ్గర వాదన ముదిరింది. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఎ అని నొక్కితే ముప్పై లైఫులు. ఈ మంత్రం పుట్టింది 1986లో, గ్రేడియస్ అనే వేరే ఆట కోసం. పరీక్షించేటప్పుడు తన ఆట తనకే కష్టమై దాన్ని తయారుచేస్తున్న హషిమోటో పెట్టుకున్నాడు. పేపరు తయారుచేసిన సారే కాపీ చీటీ రాసుకున్నాడన్నమాట. పన్నెండో ఎక్కం అడిగితే నీళ్లు నమిలే పిల్లలు ఈ మంత్రాన్ని నిద్రలో కూడా అప్పజెప్పేవారు. కాజీపేట నుంచి ఏనుమాముల దాకా పాఠం ఒక్కటే. ఇంతకంటే ప్రభావం ఏముంటుందని నేనూ మొగ్గాను.

కానీ టీవీ ముందు బొమ్మ గన్ పట్టుకుని తెరమీది బాతుల్ని కాల్చే డక్ హంట్‌లో కుక్క ఉంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణంలో చిన్న వంతు సేపు నల్లబడి, బాతున్న చోట తెల్ల గడి వెలుగుతుంది. గన్ ఆ వెలుగును పట్టుకుంటే దెబ్బ తగిలినట్టు. తగలకపోతే పొదలోంచి కుక్క లేచి నోరు మూసుకుని మరీ నవ్వుతుంది. దాన్ని కాల్చబోతే తూటా తగలదు. అప్పుడే వెనక నుంచి బాపు కేక: "బంద్ చెయ్ రా, టీవీ ఖరాబయితది!" ఎంసెట్ ర్యాంకులు వచ్చిన రోజు చుట్టాల మధ్య ఎలా కూర్చోవాలో నయీంనగర్ కోచింగ్ సెంటర్లు చెప్పవు. ఆ శిక్షణ ఈ కుక్కే ఇచ్చింది, ఫీజు లేకుండా. అమెరికాలోని రోచెస్టర్ మ్యూజియం వాళ్లు 2015లో గొప్ప వీడియో గేముల జాబితా మొదలుపెట్టి తొలి విడతగా ఆరు ఆటలకు పీట వేసినప్పుడు డక్ హంట్ ఊసే లేదు. అక్కడ చుట్టాలు తక్కువనుకుంటా.

కాబట్టి ప్రథమ స్థానం కుక్కకు. ఆటకు కాదు, కుక్కకే. అప్పీలు చేసుకోదలచినవాళ్లు రెండో రిమోట్ పట్టుకుని రావాలి. దానికి స్టార్ట్ బటన్ ఉండదని తమ్ముళ్లందరికీ తెలిసిందే.