ఫిబ్రవరి 31న తీరుబడిగా కలుద్దాం

మొన్న ఒక విందులో పక్క కుర్చీలోని పెద్దమనిషిని టైమెంతయిందని అడిగాను. ఆయన ఎడమచేతికి వాచీ ఉంది. కుడిచేత్తో జేబులోని ఫోను తీసి, కళ్లజోడు సవరించుకుని, చూసి చెప్పారు.

ఆ వాచీ సామాన్యమైనదేమీ కాదు. 1940ల నాటి ట్రిపుల్ క్యాలెండర్ డ్రెస్ వాచీ, అంటే వారం, నెల, తేదీ మూడూ చూపే దర్జా వాచీ. డయల్ పైభాగాన రెండు బుల్లి కిటికీల్లో వారమూ నెలా, అంచున వరసగా ఉన్న అంకెల మీద ఎర్ర మొన ఉన్న ముల్లుతో తేదీ, కింద ఆరు అంకె పైన నీలాకాశంలో బంగారు చందమామ. ఇన్ని సంగతులు చెప్పగల ఆ యంత్రం, ఆగస్టు నెల శుక్రవారం రాత్రి, బయట అమావాస్య చీకటి కమ్ముకుని ఉండగా, మంగళవారమనీ ఫిబ్రవరి 31 అనీ నిండు పౌర్ణమి అనీ ఘంటాపథంగా చెబుతోంది.

"ఆగిపోయినట్టుందండీ" అన్నాను, మర్యాదగా.

"ఆగిపోలేదు. ఆపాను" అన్నారాయన, అంతకంటే మర్యాదగా.

ఫిబ్రవరికి 31 ఎక్కడిదని వాచీని తప్పుపట్టడం అన్యాయం. ఈ రకం వాచీకి ఏ నెలకు ఎన్ని రోజులో తెలియదు. దాని దృష్టిలో ప్రతి నెలకూ 31 రోజులే. కాబట్టి పెట్టుకున్నవాడు ఏడాదికి అయిదుసార్లు, 31 లేని ప్రతి నెలా ముగిశాక, కేసు పక్కన సూదిమొనంత గుంటలో పుల్లతో నొక్కి తేదీని ఒకటో అంకె మీదికి తేవాలి. ఏడాదికి అయిదుసార్ల పని. ఆయన వాచీ కొన్న మొదటి ఫిబ్రవరి ముగిశాక ఆ పని చేయలేదు. ముల్లు 28 దాటి 29, 30 చూసుకుంటూ మార్చి మూడో తేదీన 31 మీదికి చేరింది. తిరిగే వాచీ అరుగుతుందనీ, అరిగిన వాచీకి ధర పడిపోతుందనీ సరిగ్గా ఆ రోజే ఎవరో ఆయనకు బోధించారు. అంతే, కీ ఇవ్వడం మానేశారు. ఇది జరిగి పదకొండేళ్లు.

ఈ పదకొండేళ్లలో ఒకే ఒక్క దుర్ఘటన జరిగిందని, గొంతు తగ్గించి, పోయినవారి గురించి మాట్లాడే తీరులో చెప్పుకొచ్చారు. లాకరులోంచి తెచ్చిన వాచీని ఒకనాటి రాత్రి నలుగురికీ చూపిస్తున్నారట. తెల్లటి చేతితొడుగులు, కింద మఖ్మల్ గుడ్డ, ఊపిరి పక్కకు తిరిగి వదలాలని చుట్టూ ఉన్నవారికి హెచ్చరిక. ముళ్లు పది గంటల పది నిమిషాల దగ్గర, కేటలాగు బొమ్మల్లో ఉన్నట్టే, చక్కగా చేతులు చాచి ఉన్నాయి. ఇంతలో ఏడేళ్ల మనవడు చెయ్యి చాచి కీ రెండు చుట్లు తిప్పాడు. వాచీ టిక్కుమంది. ఇల్లంతా గొల్లుమంది. ఆపుదామంటే, కీ బయటికి లాగితే సెకన్ల ముల్లు నిలిచే ఏర్పాటు ఆ కాలపు డ్రెస్ వాచీలలో సాధారణంగా ఉండదు. పైగా వాచీలో పన్నెండు దాటితే తేదీ మారుతుంది. పదకొండేళ్లుగా కాపాడుకున్న ఫిబ్రవరి 31 చేజారిపోతుంది. కుటుంబ సభ్యులందరూ మఖ్మల్ గుడ్డ చుట్టూ కూర్చుని, ఆస్పత్రి వరండాలో కూర్చున్నట్టుగా, అది ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూశారట. పిల్లవాడిని గది బయట నిలబెట్టారు. వాచీలో పదకొండు దాటింది. పదకొండున్నర దాటింది. సరిగ్గా పదకొండు నలభైకి చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. ఆయన భార్య కళ్లు తుడుచుకున్నారట. ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

"పోనీ, ఇప్పుడైనా తేదీ సరిచేయవచ్చు కదండీ?" అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూశారు. అర్ధరాత్రికి దగ్గరగా ముళ్లు ఉన్నప్పుడు క్యాలెండర్ చక్రాలు ఒకదానినొకటి పట్టుకుని ఉంటాయట. ఆ వేళ గుంట నొక్కితే పళ్లు దెబ్బతింటాయట. ఇది నిజమే, కాదనలేను. ముళ్లను కాస్త జరిపి నొక్కవచ్చు కదా అనబోయి ఊరుకున్నాను.

ఇదే పెద్దమనిషి భోజనం మధ్యలో ఇంకొకరి వాచీలోని చందమామను ఎద్దేవా చేశారు. అందులో చందమామను తిప్పేది మామూలు 59 పళ్ల చక్రమట. ఆ చక్రం మీది పళ్లెంలో రెండు చందమామలు, రోజుకొక పన్ను, ఒక్కో చందమామకు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. పౌర్ణమికీ పౌర్ణమికీ నడుమ సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు కనుక, నెలకు 44 నిమిషాలు మిగిలిపోయి రెండున్నరేళ్లు దాటేసరికి ఒక రోజు తేడా వస్తుంది. 135 పళ్ల చక్రమైతే 122 ఏళ్లకు గాని ఒక రోజు తప్పదు, వాచీ అంటే అలా ఉండాలన్నారు. నిజమే. ఆయన వాచీ అయితే ఏ తేడా లేకుండా పదకొండేళ్లుగా ఒకే పౌర్ణమి దగ్గర ఉంది.

ఇలా పాత వాచీలు సేకరించేవారి బేరాల సంగతి క్లుప్తంగా ముగిస్తాను. స్విస్ కంపెనీ పాటెక్ ఫిలిప్ 1941లో తెచ్చిన 1518 మోడల్ పర్పెచ్యువల్ క్యాలెండర్ వాచీ, అంటే ఏ నెలకు ఎన్ని రోజులో తెలిసినది. లీపు సంవత్సరాన్ని కూడా అదే గుర్తుపెట్టుకుంటుంది, అందులో స్టాప్‌వాచీ కూడా ఉంది. చేసినవి 281. దాదాపు అన్నీ బంగారంతో చేశారు, స్టీలువి బయటపడ్డవి నాలుగే. ఆ నాలుగింటిలో ఒకటి 2016లో జెనీవా వేలంలో కోటీ పది లక్షల స్విస్ ఫ్రాంకులు పలికింది. బంగారం కంటే ఇనుము ప్రియమైన లోకంలో, నడిచే వాచీ కంటే ఆగిన వాచీ ప్రియం కావడంలో ఆశ్చర్యమేముంది?

కానీ చివరికి ఆయన ఒక మాట అన్నారు. వెనక మూత తెరిపించనేలేదనీ, రిపేరువాడి చెయ్యి పడితే విలువ పోతుందనీ అన్నారు. నాకు ఒళ్లు మండింది అక్కడే. రిపేరువాడి చెయ్యి పడబట్టే ఆ వాచీ ఎనభై ఏళ్లు బతికి ఆయన దాకా వచ్చింది! అలాంటి పాత వాచీ మూత లోపలివైపు చూడండి. కంటికి భూతద్దం బిగించుకున్న మనుషులు, నూనె వేసిన ప్రతిసారీ, సూదితో గీసిన పొడి అక్షరాలూ తేదీలూ కనిపిస్తాయి. వాళ్లెవరూ డయల్ మీద పేరు వేయించుకోలేదు. వెంట్రుకంత స్ప్రింగు విరిగితే చేత్తో కొత్తది చేసి పెట్టి, ఎవరూ చూడని చోట గోరంత గుర్తు పెట్టి వెళ్లిపోయారు. లోపలి నూనె పదకొండేళ్లుగా చిక్కబడి జిగురవుతోంది. దానికి అరుగుదల భయం లేదట! తినకుండా పడి ఉన్న మనిషికి అజీర్తి లేదని సంబరపడటం లాంటిదిది. నిజంగా పెట్టుకుని, నెలాఖరున పుల్ల పుచ్చుకుని, రాత్రి తలెత్తి ఆకాశాన్నీ డయల్‌నీ పోల్చి చూసుకునేవాడికి ఆ వాచీ అందకుండా ధర పెంచి, దొంగసొమ్ములా లాకర్లో దాచి, దాన్ని అభిరుచి అంటారా? సిగ్గుండాలి.

ఇదంతా నేను పైకి అనలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కీ ఇచ్చి దాని చప్పుడు విననిస్తారా అని మాత్రం అడిగాను.

ఆయన చాలాసేపు ఆలోచించారు. "నెలాఖరున తీరుబడిగా రండి, చూద్దాం" అన్నారు.

ఆయన మణికట్టు మీద నెలాఖరు దాటి అప్పటికే మూడు రోజులైంది.