చనిపోయిన గద్దకు పరీక్ష చేసేదెవరు?

2023 మార్చి 9న అమెరికాలోని ఉత్తర అరిజోనాలో ఒక కాలిఫోర్నియా కాండర్ జబ్బుగా కనిపించింది. కాండర్లను కనిపెట్టుకుని ఉండే పెరెగ్రిన్ ఫండ్ సిబ్బంది సీసం విషం అనుకున్నారు. వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లో తూటా ముక్కలు మింగి ఈ రాబందులు జబ్బుపడటం అక్కడ తరచూ జరిగేదే. మార్చి 20న ఒక ఆడ కాండర్ తన గూటి కిందే చచ్చి పడి ఉంది. నెలాఖరుకు పరీక్ష ఫలితం వచ్చింది: హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ. కొద్ది వారాల్లోనే అరిజోనా, యూటా ప్రాంతపు గుంపులో 21 కాండర్లు పోయాయి. ఆ గుంపులో ఉన్నవే 116 దాకా. 1982 నాటికి ప్రపంచం మొత్తమ్మీద 22 మాత్రమే మిగిలిన జాతి ఇది. కాండర్ ఆరేళ్లు వచ్చేదాకా జతకట్టదు. ఆపైన కూడా సాధారణంగా రెండేళ్లకు ఒక్క గుడ్డే. నలభై ఏళ్ల శ్రమతో పెంచుకున్న గుంపులో ఆరో వంతు ఒక్క వసంతంలో పోయింది.

ఇంత వివరంగా మనం చెప్పుకోగలగడానికి కారణం ఉంది. అక్కడి ప్రతి కాండర్ రెక్కకూ ఒక నంబరు ఉంటుంది, చాలావాటికి ట్రాన్స్‌మిటర్ కూడా ఉంటుంది. పక్షి కదలకపోతే మనిషి వెతుక్కుంటూ వెళతాడు. మన ఊరి చెరువు గట్టు మీద ఒక గద్ద తల వాల్చి చనిపోతే ఎవరు వెళతారు? ఎవరూ వెళ్లరు. కుక్కలు ఈడ్చుకుపోతాయి, అంతటితో సరి. బర్డ్ ఫ్లూ విషయంలో మన అసలు లోపం ఇదేనని నా నమ్మకం.

బర్డ్ ఫ్లూ అనగానే మనకు కోళ్ల ఫారాలే గుర్తొస్తాయి. ఈ వైరస్ వంశం మొదట బయటపడింది కూడా 1996లో, చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో పెంపుడు పెద్దబాతుల (గూస్) ఫారంలోనే. అక్కడి నుంచి అడవి పక్షుల్లోకి పాకింది. నీటిపక్షుల్లో కొన్ని వైరస్‌ను మోస్తూనే వందల మైళ్లు ఎగరగలవు, కొన్ని నీరసించి వెనకబడతాయి. వేటాడే పక్షి సహజంగా ఆ వెనకబడిన పక్షినే పట్టుకుంటుంది. రాబందు, గద్ద చచ్చినదాన్ని తింటాయి. వైరస్ నిండిన మాంసం నేరుగా కడుపులోకి పోతుంది. అందులోనూ ఈ పక్షులకు జబ్బు తరచుగా మెదడుకే ఎక్కుతుంది. మెడ మెలితిరుగుతుంది, కాళ్లు నిలవవు, మూర్ఛ వస్తుంది. అమెరికాలోని కొమ్ముల గుడ్లగూబలకు సోకితే బతికి బట్టకట్టడం చాలా అరుదు.

జబ్బు ఎప్పుడూ ఇంత స్పష్టంగా కనిపించదు కూడా. 2004 అక్టోబరులో బ్రస్సెల్స్ విమానాశ్రయంలో, థాయ్‌లాండ్ నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడి చేతిసంచిలో రెండు డేగలు దొరికాయి. గుడ్డలో చుట్టి, గొట్టాల్లో దూర్చి తెచ్చాడు. చూడటానికి ఆరోగ్యంగానే ఉన్నాయి. పరీక్షిస్తే రెండింటిలోనూ హెచ్5ఎన్1 బయటపడింది. అంటే కంటితో చూసి తేల్చేది కాదు, ప్రయోగశాలకు పంపాల్సిందే.

పెద్ద పక్షి చావు వెనక మరో నష్టం కూడా ఉంది. 2022లో అమెరికాలోని జార్జియా తీరంలో బాల్డ్ ఈగిల్ గూళ్లలో సగానికి పైగా పిల్లలు లేకుండానే ఆ ఏడాది ముగిసింది. తల్లిదండ్రులు చనిపోతే గూడు ఖాళీ. అవి బతికే ఉండి, జబ్బుపడిన నీటిపక్షిని కాళ్లతో పట్టి తెస్తే పిల్లలు చనిపోతాయి. చచ్చిన గద్దలను లెక్కపెట్టినా ఈ పుట్టని, పెరగని తరం ఆ లెక్కలోకి రాదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2020 డిసెంబరు చివర్లో రాజస్థాన్‌లోని ఝాలావాడ్‌లో కాకులు రాలిపోయాయి. ఆ వెంటే హిమాచల్‌లోని పాంగ్ డ్యామ్ దగ్గర వేలాది బాతులు చచ్చాయి. 2021 జనవరిలో ఢిల్లీ జూలో చనిపోయిన ఒక గుడ్లగూబకు బర్డ్ ఫ్లూ ఉందని తేలింది. బోనులో ఉంది కాబట్టి దానికి పరీక్ష జరిగింది. 2024 డిసెంబరులో నాగ్‌పూర్‌లోని గోరెవాడ వన్యప్రాణి రక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత హెచ్5ఎన్1తో చనిపోయాయి. వాటికి పెట్టిన కోడిమాంసం మీదే అనుమానం వచ్చింది. మాంసం తినే జీవికి ఈ వైరస్ ఏ దారిన వస్తుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదంతం అక్కర్లేదు.

మరో రెండు నెలలు తిరక్కుండానే, 2025 ఫిబ్రవరిలో, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులోనూ తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారంలోనూ ఫారం కోళ్లకు బర్డ్ ఫ్లూ ఉన్నట్టు భోపాల్‌లోని జాతీయ పశురోగ ప్రయోగశాల నిర్ధారించింది. కిలోమీటరు మేర రెడ్ జోన్, పది కిలోమీటర్ల మేర నిఘా. కోళ్లను చంపి పూడ్చారు, గుడ్లు నాశనం చేశారు, చికెన్ అమ్మకాలు ఆగాయి. రైతుకు అది పెద్ద దెబ్బ, నష్టపరిహారం మీద చర్చ జరగాల్సిందే. కానీ చచ్చిన కోళ్లను కాలువల్లో, రోడ్ల పక్కన పడేస్తున్నారన్న ఫిర్యాదులూ అప్పుడే వచ్చాయి. అలా పడేసిన కోడిని మొదట చూసేది గద్దే. దానికి రెడ్ జోన్ హద్దు తెలియదు. పొద్దున ఇక్కడ తిని, మధ్యాహ్నానికి పక్క మండలంలో వాలుతుంది.

జబ్బు లేని రోజుల్లోనూ పరిస్థితి మెరుగ్గా ఏమీ లేదు. ఏ పట్టణం శివారులోనైనా చూడండి: చికెన్ దుకాణాల నుంచి వచ్చిన తలలు, పేగులు, ఈకలు బస్తాల్లో కట్టి పడేసి ఉంటాయి, పైన గద్దలు గిరికీలు కొడుతుంటాయి. ఫారానికీ అడవికీ మధ్య దారిని మనమే వేసి పెడుతున్నాం. ఈ వైరస్ మందల్లో ఎక్కడైనా తలెత్తితే కొల్లేరుకు, పులికాట్‌కు ప్రతి చలికాలం వచ్చే బాతులు, వాటి వెంట తిరిగే డేగలు, సముద్రపు గద్దలు దాని దారిలోనే ఉంటాయి.

డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇచ్చిన పశువుల కళేబరాలు తిని దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. కారణం తేలి, పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించే సరికి నష్టం జరిగిపోయింది. తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు కనిపించినప్పుడు పక్షి ప్రేమికులకు అందుకే అంత ఆనందం. అలాంటి చిన్న గుంపు మీద అరిజోనాకు పడిన దెబ్బే పడితే, కోలుకోవడం మాట అటుంచి, ఏం జరిగిందో కూడా మనకు తెలియదు.

అమెరికా వాళ్లు కాండర్లకు టీకా వేశారు. 2023 మేలో అత్యవసర అనుమతి తీసుకుని, ముందు నల్ల రాబందుల మీద పరీక్షించి, తర్వాత కాండర్లకు మొదలుపెట్టారు. మనకు వెంటనే సాధ్యమయ్యేది అది కాదు. ఆకాశంలో తిరిగే గద్దలన్నిటికీ ఎవరూ సూది వేయలేరు. కానీ చచ్చిన గద్దనో గుడ్లగూబనో చూసిన పశువైద్యుడు నమూనా తీసి భోపాల్‌కు పంపడానికి పెద్ద ఖర్చు కాదు. బర్డ్ ఫ్లూ నియంత్రణకు ఉన్న జాతీయ ప్రణాళికలో అడవి పక్షుల మీద నిఘా మాట ఉంది. ఆ పని ఊళ్లో ఎవరిదన్నదే తేలాలి. అడవి పక్షి అటవీ శాఖదని పశుసంవర్ధక శాఖ, రోగం పశుసంవర్ధక శాఖదని అటవీ శాఖ అనుకుంటే మధ్యలో కళేబరం కుళ్లిపోతుంది. రెండు శాఖలకూ కలిపి జిల్లాకు ఒక ఫోను నంబరు ఉండాలి. చచ్చిన పక్షిని చేత్తో ముట్టుకోకుండా ఫోటో తీసి సమాచారం ఇవ్వమని మత్స్యకారులకు, పక్షుల ఫోటోలు తీసేవాళ్లకు, కాలువ లస్కర్లకు చెప్పాలి. చచ్చిన కోళ్లను పూడ్చకుండా పడేసిన ఫారం యజమానికి జరిమానా పడాలి. వలస పక్షులు అక్టోబరు నుంచే దిగడం మొదలుపెడతాయి. ఉత్తర్వులు అక్టోబరు లోపే వెళ్లాలి.