అరగంట గారికి, సిరొంచ నుంచి

మహారాజశ్రీ అరగంట గారికి,

నమస్కారాలు. మీరు క్షేమంగా ఉన్నారని తెలుసు. నది ఒడ్డున ఉన్న ఏ పాత ఊరికి టూరు బండి వచ్చినా అందరికన్నా ముందు దిగేది మీరే కదా. "అరగంటలో అందరూ బండి దగ్గర ఉండాలి" అని డ్రైవరు మీ పేరు చాటుతాడు. ఇక గుడి, కోట, రేవు, టీ, చంటిపిల్లవాడి పాలు అన్నీ మీ చెప్పుచేతల్లోనే.

మా ఎదుటి ఒడ్డున కాళేశ్వరంలో మీ దర్బారు తరచూ చూస్తుంటాను. చెప్పులు విడిచే చోటికి కొంత, కొబ్బరికాయ బేరానికి కొంత, వరసకు కొంత పోగా మీలో మిగిలేది ఎంత? ఆ కాస్తలోనే ఒకే పానవట్టం మీద ఉన్న రెండు లింగాలను దర్శించుకోవాలి. ఒకటి కాళేశ్వరుడు, అంటే సాక్షాత్తు యముడు. రెండోది ముక్తేశ్వరుడు, శివుడు. ముందు యముడికి పూజ, ఆ తరువాతే శివుడికి. ముక్తేశ్వర లింగం రంధ్రంలో పోసిన నీళ్ళు భూమి లోపలి దారిన గోదావరి, ప్రాణహితల సంగమానికి చేరతాయని భక్తుల నమ్మకం. ఇంత కథనూ మీ జనం నడుస్తూనే వినేస్తారు. ఇంకొంచెం గడువు ఇమ్మని అడిగేవాళ్ళే తప్ప, తొందరగా పంపించెయ్యమని తోసుకునేవాళ్ళను ఆ యముడు ఇంకెక్కడా చూసి ఉండడు.

తరువాతి మజిలీ నది మీది వంతెన. అది రాకముందు ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ పడవే దిక్కు. ఇప్పుడు వంతెన మధ్యలో బండి ఆగుతుంది, ఫోన్లు బయటికి వస్తాయి, నీళ్ళకు వీపు చేసి అందరూ నవ్వుతారు. ఒకసారి నేను సైకిలు మీద పోతుండగా ఒక పెద్దావిడ ఫొటో మానేసి మా ఊరి వైపు చెయ్యి చూపించింది. "అటువైపు ఏముంది నాయనా?"

"ఏమీ లేదమ్మా, మహారాష్ట్ర" అన్నాడు డ్రైవరు.

ఆ ఏమీ లేని మహారాష్ట్ర నుంచే తమరికి ఈ ఉత్తరం. ఇక్కడ బోర్డు మరాఠీలో ఉంటుంది, బోర్డు కింద బేరం తెలుగులో జరుగుతుంది, బతుకమ్మను ఇక్కడా పేరుస్తారు. జిల్లా కేంద్రమైన గడ్చిరోలి వెళ్ళాలంటే దాదాపు రెండు వందల కిలోమీటర్లు; తెలంగాణ వెళ్ళాలంటే వంతెన దాటితే చాలు. ఆ గడ్చిరోలి జిల్లా కూడా 1982లో పుట్టినదే. అంతకు వందేళ్ళకు పైగా ముందే సిరొంచ ఒక జిల్లాకు ముఖ్యపట్టణం. 1860లో గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను నిజాం ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చాక ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. భద్రాచలం కూడా అందులోనిదే. కచేరీ మాత్రం మా ఊళ్ళో. 1874లో ఆ జిల్లాను ఎత్తివేసి మమ్మల్ని చాందాకు, అంటే ఇప్పటి చంద్రపూర్‌కు కలిపారు. దొరలు వెళ్ళిపోయినా గ్లాస్‌ఫర్డ్‌పేట అనే పల్లె మా తాలూకాలో మిగిలింది. అప్పటి జిల్లా దొరగారి పేరును మా వాళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా పలుకుతారు, ఆయన ఎవరో అడగరు.

ఆ రోజుల్లోనే ఆర్థర్ కాటన్ దొరకు ఒక పెద్ద ఆలోచన వచ్చింది. నాగపురం వైపు పండే పత్తిని పడవల మీద గోదావరిలో సముద్రందాకా దింపాలి. దారిలో మూడు చోట్ల బండరాళ్ళు అడ్డం: దుమ్ముగూడెం, ఇంచంపల్లి, మా ప్రాణహిత మీద దేవల్‌మర్రి. ఏళ్ళ తరబడి రాళ్ళు కొట్టించి, కాలువలు తవ్వించి, చివరికి 1871లో చేతులెత్తేశారు. అరగంట గారూ, నదిని తొందరపెట్టబోయిన మొదటివారు మీరు కారని తెలియడానికి ఇది చెప్పాను.

మా తాలూకాలో కొంచెం ఎక్కువసేపు ఆగినవాళ్ళు లేకపోలేదు. ఇక్కడి పోచంపల్లి దగ్గర కలకత్తా శాస్త్రవేత్తలు మట్టి తవ్వితే పెద్ద డైనోసార్ ఎముకలు దొరికాయి. అది రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి కాలం కావడంతో ఆ జంతువుకు బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందటిది. వాళ్ళు ఓపికగా ఉన్నారు, నిజమే. కానీ వెళుతూ వెళుతూ ఎముకలు కూడా పట్టుకుపోయారు. ఆ అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడి ఉంది. మాకు వడధం పార్కులో రాయిగా మారిన చెట్ల మొద్దులు మిగిలాయి. వాటి దగ్గరికి మీరు రారు. మేడిగడ్డ బారేజీ గురించి మాత్రం ప్రతి బండిలోనూ అడుగుతారు. 2019లో ప్రారంభమై 2023 అక్టోబరులో స్తంభాలు కుంగిన కట్టడం మరి, మీ ఆయుర్దాయానికి దగ్గరి చుట్టమే.

ఒడిశా సరిహద్దులోనూ మీ పరిపాలనే సాగుతోందని విన్నాను. సవర భాష నేర్చుకోవడానికి గిడుగు రామమూర్తి పంతులు గారు ఏళ్ళు వెచ్చించిన పర్లాకిమిడిలో కూడా కోట ముందు ఒక ఫొటో, కొమ్ముతో చేసిన కొంగబొమ్మ ఒకటి, అంతటితో సరి. అక్కడి మహేంద్రతనయ నది ఎటు పారుతోందో చూసే తీరిక ఎవరికీ ఉండదు.

అసలు చూడవలసింది ఏమిటో చెప్పమంటారా? సాయంత్రం రేవులో వల బాగుచేసుకునే మనిషి. దారాన్ని కాలి బొటనవేలికి తగిలించి, ముడి విప్పుతూ, తెగినచోట కొత్త కన్ను అల్లుతాడు. పక్కన కూర్చుంటే వెంటనే పలకరించడు. రెండు మూడు చిక్కులు విప్పాక గాని నోరు విప్పడు. అప్పుడు నీళ్ళ రంగు చూసి, ఇవాళ వరద ప్రాణహితదా గోదావరిదా చెబుతాడు. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అయి, లక్ష చదరపు కిలోమీటర్లకు పైబడిన నేల మీది నీళ్ళను ఇక్కడికి మోసుకొస్తుంది. గోదావరి ఉపనదుల్లో ఇంత పెద్ద పరీవాహకం ఇంకోదానికి లేదు. రెండు నీళ్ళూ కలిసిన వెంటనే కలిసిపోవు, కొంతదూరం పక్కపక్కనే నడుస్తాయి. ఎక్కడ కలిసిపోయాయో చూపించమని ఆయనను అడగండి. చెయ్యి చాచి ఒకచోట చూపిస్తాడు, మళ్ళీ కాదని కాస్త కిందికి చూపిస్తాడు. ఈలోగా బండి హారను మోగుతుంది, మీ దూత అన్నమాట.

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు పన్నెండు రోజులు జరిగాయి. 2027లో గోదావరికి వస్తున్నాయి. మిమ్మల్ని రావద్దనడం మా మర్యాద కాదు. ఒక విన్నపం మాత్రం చేసుకుంటాను. మీ ఇంట్లో పూట గారని ఒక పెద్దాయన ఉండాలి. పాతకాలపు మనిషి, రేవులో చతికిలబడితే అన్నం వేళకు గాని లేవడు. ఈసారికి ఆయనను పంపండి. పడకకు మా వసారా ఉంది, భోజనానికి లోటు రాదు. లేదు, నేనే వస్తానంటారా, అప్పుడు టిఫిను సంగతి ముందే చెప్పడం మంచిది: మా బస్టాండు హోటల్లో ఇడ్లీ రెండో వాయి దిగడానికే మీరు పూర్తిగా ఖర్చయిపోతారు.

ఇట్లు
సిరొంచ వాస్తవ్యుడు