కోట చూశారు సరే, ఆ ఊరి సంగటి తిన్నారా?

కడప జిల్లా గండికోటకు నేను ఇప్పటికి ఐదారుసార్లు వెళ్ళాను. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు ఉంటుంది, బస్సు దొరక్కపోతే ఆటో. వెళ్ళిన ప్రతిసారీ పెన్నా లోయ అంచున జనం పెరుగుతూనే ఉన్నారు. బెంగళూరు కార్లు, హైదరాబాద్ కార్లు, సెల్ఫీలు. 'ఇండియా గ్రాండ్ కాన్యన్' అని పేరు పెట్టాక అందరూ నేరుగా లోయ దగ్గరికే నడుస్తారు. అదే కోటలో, జామియా మసీదుకు దగ్గర్లోనే ఉన్న ధాన్యాగారంలో మాత్రం నాకెప్పుడూ ఇద్దరు ముగ్గురికి మించి కనపడలేదు. లోపలికి అడుగుపెడితే ఎండ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఆ గోడల మందం, ఆ పైకప్పు వంపు చూస్తే ఎన్ని బండ్ల గింజలు దాచేవాళ్ళో అనిపిస్తుంది. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉన్న ఈ కోటను చూసిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్, ఇది చాలా బలమైన కోటల్లో ఒకటని రాశాడు. ఎంత ఎత్తు గోడ కట్టినా లోపల తిండీ నీళ్ళూ అయిపోతే కోట నిలవదు. అందుకే నా లెక్కలో ఫిరంగుల కంటే ధాన్యాగారం, చెరువే ఆ కోట గురించి ఎక్కువ చెప్తాయి.

అవి చూసి బయటికొచ్చేసరికి ఒంటిగంట. ఆకలి. బండ్ల మీద నూడుల్స్, ఫ్రైడ్ రైస్. బండి ఆయన్ని తప్పు పట్టను, వచ్చేవాళ్ళు అడిగేది అదే కాబట్టి ఆయన చేసేదీ అదే. కానీ కోట లోపలే ఊరుంది, ఆ ఊళ్ళో పొయ్యిలు వెలుగుతున్నాయి, మనకు మాత్రం ఆ తిండి అందదు. గడప మీద కూర్చుని చెనిక్కాయలు, అదే వేరుశనగకాయలు, ఒలుస్తున్న ఒక పెద్దావిడను అడిగాను, "పెద్దమ్మా, సంగటి ఏమన్నా దొరుకుతుందా?" అని. "ముందే చెప్పింటే చేసి పెట్టింటి గదా నాయనా, ఇప్పటికిప్పుడు యాడ నుంచి వస్తుంది?" అంది.

ఆమె చెప్పింది నిజం. రాగి సంగటి కౌంటర్లో పెట్టి అమ్మే సరుకు కాదు. బియ్యం మెత్తగా ఉడికి, ఎసరు ఇంకా తుకతుకమంటున్నప్పుడు రాగిపిండిని పైన కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి, ఆ ఆవిరికి పిండి మగ్గాక అప్పుడు కట్టెతో గెలకాలి. తొందరపడితే ఉండలు కడుతుంది. తడి చేత్తో ముద్ద చేసి వేడివేడిగా పళ్ళెంలో వేస్తే, మధ్యలో గుంత చేసుకుని అందులో నెయ్యో పులుసో పోసుకుని, వేలితో కొంచెం కొంచెం తుంచి ముంచి మింగడమే, నమలక్కర్లేదు. ఆరితే ఆ రుచి ఉండదు. కాబట్టి ఎంతమంది వస్తారో ముందు తెలియాలి. ఇంత చిన్న విషయం, ఒక్క ఫోన్ కాల్, అది కుదిరే ఏర్పాటు లేకపోవడమే నాకు బాధగా ఉంటుంది.

మన సీమలో పాత కట్టడాలు తిండి గురించి మాట్లాడతాయి, మనమే వినడం లేదు. గుత్తికి దగ్గర్లో ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దానివి, పద్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడున్నాయి. వాటిలో మొదటిది వంటింటి గురించే. ఇంతకుముందు రాజుగారి వంటశాలలో కూర కోసం రోజూ లక్షల జీవాలను చంపేవారు, ఇప్పుడు మూడే, రెండు నెమళ్ళు, ఒక జింక, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు, మున్ముందు ఆ మూడింటినీ చంపరు అని ఉంటుంది అందులో. ఒక చక్రవర్తి తన ఇంటి కూర లెక్కను ఇంత దూరం పంపి మన నల్లరేగడి పక్కన బండ మీద చెక్కించాడంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. లేపాక్షిలో గుడి ఆవరణలో నేలరాతిలోనే గుంతలు తొలిచిన పళ్ళాలు కనపడతాయి. శిల్పులు భోంచేసిన పళ్ళాలని గైడ్లు చెప్తారు. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి వెళ్ళిపోతారు, నేను ఆ పళ్ళాల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. జొన్నన్నం పెట్టుంటారా, కొర్రన్నమా, ఎవరు వండుంటారు?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. హైవే హోటళ్ళ బోర్డుల మీద 'రాయల కాలంనాటి రుచులు' అని రాస్తున్నారు, అది అబద్ధం. 1336లో విజయనగరం మొదలైననాటికి మన నేల మీద మిరపకాయే లేదు. అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో, 1498 తర్వాత వచ్చింది. అంతకుముందు మనవాళ్ళకు కారం అంటే మిరియాలే. అనంతపురం అనగానే గుర్తొచ్చే వేరుశనగదీ ఆ ఖండమే, బొరుగుల ఉగ్గానిలో వేసే టమాటాదీ అంతే. అంటే ఎర్రకారం దోసె, చెనిక్కాయ పచ్చడి మన తిండి కావా? నూటికి నూరుపాళ్ళు మనవే. వానరాని నేలలో బతకడానికి రైతు కొత్త పంటను పట్టుకుని తన నోటికి తగ్గట్టు మార్చుకున్నాడు, ఆ ఘనత రైతుది, ఇంట్లో రోట్లో నూరిన ఆడమనిషిది. దాన్ని తీసుకెళ్ళి రాజుగారి ఖాతాలో ఎందుకు వేయాలి?

పాతవి రాగి, జొన్న, కొర్ర. అవి మన కళ్ళముందే పళ్ళెంలోంచి జారిపోయాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక పేదింట్లోనూ రోజూ వరన్నం వండగలిగారు, అది మంచిదే, ఆకలి తెలిసినవాళ్ళెవరూ దాన్ని తప్పనరు. కానీ ఊళ్ళలో సంగటి రోజువారీ కూడు కాకుండాపోయింది, అదే సంగటి టౌన్లో నాటుకోడి పులుసుతో స్పెషల్ ఐటమ్ అయింది. వండటం తెలిసిన చేతులు పల్లెలో ఉన్నాయి, కొనేవాళ్ళు హైవే మీద ఉన్నారు, కోటకు వెళ్ళేవాడు ఆ రెంటి మధ్య చిప్స్ ప్యాకెట్ చింపుకుంటున్నాడు.

తాగేదాంట్లో మాత్రం మనం ఇంకా ఓడిపోలేదు. కర్నూల్లో కొండారెడ్డి బురుజు చూసి, ఎండకు తల తిరుగుతుంటే, నన్నారి బండి దగ్గర నిలబడండి. నిమ్మకాయ రసం పిండి, నన్నారి షర్బత్ పోసి, నానిన సబ్జా గింజలు ఒక చెంచా వేసి సోడా కొట్టి ఇస్తాడు. ఆ వాసన సుగంధపాల వేరుది. అడవిలో సన్నగా, నల్లగా దొరికే వేరు, తవ్వి తెచ్చేవాళ్ళది పెద్ద కష్టం. కొందరు ఇప్పుడు రంగూ ఎసెన్సూ కలిపి అదే పేరుతో అమ్ముతున్నారు, ఒక్క గుక్కకే తెలిసిపోతుంది. అడిగి తాగండి, అసలుది ఎక్కడుందో ఊళ్ళోవాళ్ళకు తెలుసు. బీరు సీసాల గురించి ఒకటే మాట, లోయ అంచు బండల మీద పగలగొట్టిన గాజుపెంకులు చూస్తే కడుపు మండుతుంది.

చేయడానికి పెద్ద ప్రాజెక్టులు అక్కర్లేదు. పాత కట్టడం బయట ఒక నీడ, నీళ్ళు, ఆ ఊరి డ్వాక్రా సంఘానికి వంట పని, టికెట్ ఇచ్చే చోట ఆ సంఘం ఫోన్ నంబర్ రాసిన బోర్డు. రిసార్టులకు చూపించే శ్రద్ధలో పదోవంతు చాలు. ఎవరూ చేయకపోతే వెళ్ళేవాళ్ళమైనా ముందురోజు ఊళ్ళో ఎవరినైనా పట్టుకుని చెప్పి, డబ్బులిచ్చి తినొచ్చు.

పోయిన సంక్రాంతి తర్వాత మేం అట్లాగే చేశాం. ఆ పెద్దమ్మ ఇంటి ముందు, వేపచెట్టు కింద ఆరుగురం కూర్చున్నాం. సంగటి, చెనిక్కాయ పచ్చడి, గోంగూర పప్పు. మా చిన్నోడు మొదట ముఖం చిట్లించాడు, తర్వాత రెండో ముద్ద అడిగాడు. చేతులు కడుక్కుంటుంటే ఆమె చెంబు అందిస్తూ, "మళ్ళా వచ్చేటప్పుడు రెండు దినాలు ముందు చెప్పండి, కొర్రలు దంచాల్సుంటుంది" అంది.