పుట్టినవాళ్లని అడగని ప్రమాణం మాకెందుకు?

పొద్దున్న ఆన్‌లైన్‌లో కెనడా పౌరసత్వ ప్రమాణం చేశాను. కుడిచెయ్యి ఎత్తించి, కెనడాకీ రాజైన బ్రిటన్ రాజు మూడో చార్ల్స్‌కీ ఆయన వారసులకీ విధేయంగా ఉంటానని ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ చెప్పించారు. మనవాళ్ల గ్రూపులో ఆ మాట పెడితే ఒక అంకుల్‌గారు "మాటే కదమ్మా, అనేస్తే పోలా" అన్నారు. పోదు అంకుల్! అప్పట్నుంచీ ఒళ్లు మండిపోతోంది.

ఇక్కడ పుట్టినవాళ్లని ఎవరైనా ఈ ముక్క అనమన్నారా? మనల్నే నిలబెట్టి అనిపిస్తారు, 14 ఏళ్లు నిండిన పిల్లలతో సహా. క్యూబెక్ ప్రావిన్సు (ఇక్కడ రాష్ట్రాన్ని అలా అంటారు) శాసనసభ్యులైతే రాజుకి ప్రమాణం తమకి తప్పనిసరి కాదని 2022లో చట్టమే చేసుకున్నారు. నాకు మాత్రం తప్పదు!

నాణెం మీద ఆయన బొమ్మ ఉండనీ, క్రిమినల్ కేసులు ఆయన పేరున నడవనీ, బిల్లులకి ఆయన తరఫున గవర్నర్ జనరల్ సంతకం పెట్టనీ. వాటితో నాకు పేచీ లేదు. నా నోటితో ఎందుకు అనిపించాలి? పైగా రెండు పౌరసత్వాలు మన దేశం ఒప్పుకోదు. రాష్ట్రపతి పేరున ఇచ్చిన పాస్‌పోర్టు వెనక్కిచ్చేసి రాజుగారి పేరున ఇచ్చేది తీసుకోవాలి. ఆ పాత పాస్‌పోర్టు ఇంకా నా బల్ల మీదే ఉంది. మూడు సింహాల మీద బంగారు రంగు సగం చెరిగిపోయింది. చూస్తుంటే కడుపు రగిలిపోతోంది.

మాది నర్సీపట్నం వైపు. కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధికి దణ్ణం పెట్టుకుంటూ పెరిగాను. 1924 మేలో కొయ్యూరులో ఆయన్ని చెట్టుకి కట్టి కాల్చి చంపిన ప్రభుత్వం ఐదో జార్జిది. ఈ చార్ల్స్‌కి ఆయన ముత్తాత. వారసులకీ విధేయత అన్నప్పుడు నాకు గొంతు పెగల్లేదు.

ప్రమాణం మనిషికి కాదు, రాజ్యాంగ వ్యవస్థకి అని 2014లో ఒంటారియో అప్పీలు కోర్టు తేల్చిందట. మరి ఆ వ్యవస్థ పేరే రాయండి! ఆస్ట్రేలియా 1994లోనే రాణి పేరు తీసేసి దేశానికీ ప్రజలకీ అని మార్చుకుంది. అక్కడా ఇప్పటికీ ఈయనే రాజు. రాజరికమే వద్దంటే పది ప్రావిన్సులూ ఒప్పుకోవాలి, నిజమే. ప్రమాణం మార్చడానికి పార్లమెంటు చాలు. 2021లో ఆదివాసుల హక్కుల మాట చేర్చింది అలాగే కదా!

ఎన్నికలప్పుడు మా గుమ్మం తొక్కే ప్రతి అభ్యర్థినీ ముందు ఇదే అడుగుతాను. ఇప్పుడు నాకూ ఓటుంది.