పై తరగతికి పంపారు సరే, చదువు సంగతి?

కరోనా పోయి ఇన్నేళ్లయింది, పిల్లలు బడికి వస్తూనే ఉన్నారు, అప్పుడు చదువు పోయిందన్న గోల ఇంకా ఎందుకని ఈమధ్య ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. ఆయన ఒక్కసారి మా ఆరో తరగతికి వచ్చి కూర్చుంటే బాగుండేది.

నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. 2025 జూన్‌లో ఆరులోకి వచ్చిన పిల్లల వెనక లెక్క చూడండి. వాళ్లు ఒకటో తరగతిలో చేరాల్సిన ఏడాది 2020. ఆ మార్చిలో మూతపడిన ప్రాథమిక తరగతులు మళ్లీ తెరుచుకున్నది 2021 సెప్టెంబరు 1న. అంటే ఒకటో తరగతి గది మొహం చూడకుండానే రెండో తరగతిలో కూర్చున్నారు. టీవీలో, ప్రభుత్వ విద్యా ఛానల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి కదా అంటారేమో. వచ్చాయి, మూడో తరగతి నుంచి పైవాళ్లకు! అక్షరాలు దిద్దాల్సిన వయసువాళ్లకు అదీ లేదు.

అదే పిల్లలు 2022లో మూడో తరగతిలో ఉండగా పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వే పల్లెల్లో తిరిగింది. రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు తెలంగాణలో 5.2 శాతం. 2018లో 18.1 శాతం ఉండేవారు. అప్పుడు మాత్రం మనం వెలగబెట్టిందేముంది, అది వేరే కథ. ఆంధ్రప్రదేశ్‌లోనూ 22.6 నుంచి 10.3కి పడిపోయింది.

ఈ అంకెలు నాకు పేపర్లో చదివి తెలియనక్కరలేదు. మా తరగతిలో ఒక అమ్మాయి ఉంది. చేతిరాత ముత్యాలే. బోర్డు మీద రాసింది ఒత్తులు, దీర్ఘాలతో సహా పొల్లుపోకుండా దించుతుంది. ఏదీ, నువ్వు రాసింది చదవమ్మా అంటే తల దించుకుంటుంది. ‘రాష్ట్రం’ దగ్గర ఆగిపోతుంది. ఆ పిల్లకు అక్షరం ఒక బొమ్మ, అంతే. అన్ని తరగతులూ పాసై వచ్చింది.

పెద్ద పిల్లల పరిస్థితి ఇంకా అన్యాయం. 2020లో పదో తరగతి పరీక్షలు మూడు పేపర్లకే ఆగిపోతే 5.34 లక్షల మందినీ పాస్ చేశారు. ఆ పిల్లలే ఇంటర్ మొదటి సంవత్సరం ఫోన్లలో విన్నారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్నతో పనికి పోతే వినలేదు. రెండో సంవత్సరంలోకి పంపేశాక, 2021 అక్టోబరులో వెనక్కి పిలిచి మొదటి సంవత్సరం పరీక్ష పెట్టారు. 49 శాతమే గట్టెక్కారు. కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నాక గానీ అందరికీ కనీస మార్కులు వేసి పాస్ చేస్తున్నామని ప్రకటన రాలేదు. ఫెయిలైంది ఎవరో నన్నడగకండి, నోరు మంచిది కాదు.

బడులు తెరిచాక చేయాల్సిన పని ఒక్కటే: ఎవరికి ఎంత వచ్చో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టడం. ‘తొలిమెట్టు’ అని ఆ పని మొదలయ్యేసరికి 2022 ఆగస్టు వచ్చింది. మంచి కార్యక్రమమే, కాదనను. కానీ చెప్పేవాళ్లేరీ? ఫీజులు కట్టలేక ప్రైవేటు బడుల నుంచి పిల్లలు మా దగ్గరికి వచ్చిన సమయంలోనే టీచర్ల కొరత తీర్చడానికి తాత్కాలికంగా పెట్టుకున్న విద్యా వాలంటీర్లను వదిలించుకున్నారు. 2017 తర్వాత మళ్లీ టీచర్ పోస్టులు నింపింది 2024 డీఎస్సీతోనే. ఒక్క టీచరే ఐదు తరగతులూ చూసుకుంటూ, మధ్యలో భోజనం లెక్కలు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తూ, ఎవరికని కూడబలుక్కుని చదవడం నేర్పాలి?

ఇప్పుడు హైస్కూల్లో మాకు సిలబస్ తరుముడు. చదవడమే రాని పిల్లకు సాంఘికశాస్త్రంలో భూస్వరూపాలు చెప్పాలి. నేనడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఆరో తరగతికి మొదటి మూడు నెలలు రోజుకు రెండు పీరియడ్లు చదవడం, రాయడానికే వదిలేయండి, సిలబస్ నుంచి ఆ మేరకు తగ్గించండి. తనిఖీకి వచ్చే అధికారులు ఎన్ని పాఠాలు అయ్యాయని రిజిస్టర్ తిరగేసే ముందు, వెనక బెంచీలో ఎవరినైనా లేపి ఒక్క పేరా చదివించి వినండి.